గుమ్మంలో కుంటి చీమ

అడవి విశ్వవిద్యాలయంలో సిబ్బంది నిర్వహణ చదివే గోరింక, ప్రాజెక్టు పని మీద చీమలపుట్టకు వచ్చింది. మూడు రోజులు చూసి పెద్దచీమతో అంది:

“గుమ్మంలో ఆ కుంటిది ఊరికే నిలబడుతోంది. ఒక్క గింజా మోయదు. పనిలోంచి తీసేయండి.”

“వాన పడేదాకా ఆగమ్మా, తర్వాత నీ ఇష్టం.”

సాయంత్రం కుండపోత మొదలైంది. వరద పుట్ట మీదికి ఉరికింది. కుంటి చీమ లోపలి నుంచి తన తలను గుమ్మంలో బిగించింది. నీళ్లు ముంచేసినా కదల్లేదు. లోపల వేల పిల్లల్లో ఒక్కదానికీ తడి తగల్లేదు.

వాన వెలిశాక కుంటి చీమ బయటికొచ్చింది. గోరింక చదువులో ఈ పాఠం లేదు. నివేదిక రాసిన ఆకును నీళ్లలో వదిలేసి, మెల్లగా అడిగింది.

“అత్తా, నీ కాలు ఎప్పుడు పోయింది?”

“పోయినేటి వానకే పిల్లా. ఇక్కడే.”