సిరా చుక్క

"అందరూ ఎడమచేతులు చాపండి!"

ఎస్సై కేకకి కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు ఉలిక్కిపడి లేచారు. ఆరబోసిన మిరపకాయలు తొక్కుకుంటూ వచ్చాడాయన. ఎన్నికలు అయి వారం కూడా తిరగలేదు. సత్తెనపల్లిలో ఎవరి వేలు చూసినా సిరా చుక్క కనిపించే రోజులవి.

"ఏం జరిగిందయ్యా?" ముఠా మేస్త్రి సైదాబీ ముందుకొచ్చింది.

"మీ ముఠాలో బంగ్లాదేశ్ ఆడమనిషి ఉందని ఫోనొచ్చింది. మన దేశం మనిషైతే ఓటుంటుంది. ఓటుంటే చుక్కుంటుంది. అంతేగా?"

అంతే కాదని చెప్పే ధైర్యం అక్కడ ఎవరికుంది? లాఠీ చేతిలో ఉంటే ఏ లెక్కైనా సరిపోతుంది.

సైదాబీ చాపిన చేతికి చూపుడువేలంతా పసుపు గుడ్డ చుట్టుంది.

"కొడవలితో తెగిందయ్యా."

"ఆవిణ్ణి వదిలేయండి సార్," అన్నాడు కానిస్టేబులు పేరయ్య. "కలకత్తాకి మిరప లోడ్లు తోలిన అల్లాబక్షు పెళ్ళాం. ఆయన పోయినా ఊరొదల్లేదు. సైదాబక్కని ఎరగనోళ్ళు ఇక్కడ లేరు."

వరస చివర షహనాజ్ దొరికింది. వేటపాలెంలో జీడిపప్పు పని ఆగిపోయి ఈ ఏడే మిరప పనికి వచ్చిన పిల్ల. ఘాటు అలవాటు లేక పొద్దస్తమానం దగ్గుతూ ఉంటుంది. వేలి మీద చుక్క లేదు.

"మా ఓటు వేటపాలెంలో ఉందండీ. పోతానంటే సైదాబీ పిన్ని పోనివ్వలేదు," అంది దగ్గు మధ్య.

"ఈ నేల మీద పుట్టినోళ్ళకి మిరప ఘాటుకి దగ్గొస్తుందా? ఎక్కు జీపు!"

"నిజమేనయ్యా! మబ్బు పట్టింది, కాయ తడుస్తుందని నేనే ఆపాను." సైదాబీ జీపుకి అడ్డం వెళ్ళింది.

"రేపు రైలెక్కిస్తాం. ఏదన్నా ఉంటే బోర్డర్లో చెప్పుకోమను."

జీపు వెళ్ళిపోయింది. సైదాబీకి కాలు నిలవలేదు. గంప ఎత్తింది, మళ్ళీ దించింది.

"నీకెందుకే ఈ గోల?" అంది పక్కనే కాయలు ఏరుతున్న పిచ్చమ్మ. "పోలీసుల కంట్లో పడ్డావంటే నిన్ను కూడా ఏదో ఒకటి అడుగుతారు."

"అడిగితే అడగనీ. ఆ పిల్ల ఓటు చెడగొట్టింది నేనేగా!"

కొంగు బిగించి ఊళ్ళోకి నడిచింది. క్రీస్తుదాసు లాయరు అన్నం తింటుంటే వెళ్ళి గుమ్మంలో నిలబడి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"వేటపాలెంలో ఆ పిల్ల వాళ్ళెవరున్నారు?"

"అన్న మాబు ఉన్నాడు. ఫోను చేయించాను, వస్తున్నాడు. లాయరు గారూ, ఒక మాట. ఆ పిల్ల నిజంగానే అవతలి దేశం మనిషైతే?"

క్రీస్తుదాసు తలెత్తి చూశాడు. "నీకు అనుమానంగా ఉందా?"

"లేదండీ. అయితే ఏం చేస్తారని."

"వీసా లేని మనిషిని పంపించే అధికారం ప్రభుత్వానికుంది. కాకపోతే దానికీ పద్ధతుంది. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, లాయర్ని కలవనివ్వాలి, ఒక్క రోజులోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. గోతం విసిరినట్టు సరిహద్దు అవతలికి విసరటానికి లేదు."

"ఎన్నేళ్ళ కిందట వచ్చినా ఇంతేనా?"

"ఆ పిల్లకే ఇరవయ్యేళ్ళు లేవు, ఎన్నేళ్ళేంటమ్మా? పద, పద." చెయ్యి కడిగేసుకుని చొక్కా తొడుక్కున్నాడు.

సైదాబీ స్టేషను లోపలికి వెళ్ళలేదు. ఎదురుగా టీ బడ్డీ దగ్గర నిలబడి టీ చెప్పింది. గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. లోపల్నుంచి క్రీస్తుదాసు గొంతు రోడ్డు మీదికి వినపడుతోంది.

"విదేశీయులకి రాజ్యాంగమేంటండీ?" అంటున్నాడు ఎస్సై.

"ఇరవై ఒకటో అధికరణం తీసి చూడండి. ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ పౌరులకే అని ఎక్కడా లేదు. వ్యక్తి అని ఉంది. ఏ దేశం వాళ్ళైనా మనుషులే కదండీ!"

సైదాబీ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

మర్నాడు పొద్దున కోర్టు కిటికీ అవతలే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. రాత్రంతా కన్ను మూయకపోవడంతో కళ్ళు మిరపపండ్లలా ఉన్నాయి.

"ఈ అమ్మాయి విదేశీయురాలని ఆధారమేంటి?" అడిగాడు మేజిస్ట్రేటు.

"వేలికి సిరా లేదండి," అన్నాడు ఎస్సై. కాస్త ఆగి, "దగ్గుతోందండి," అన్నాడు.

కోర్టంతా గొల్లున నవ్వింది. మేజిస్ట్రేటు నవ్వలేదు. "ఓటేయని వాళ్ళందర్నీ దేశం దాటించాలంటే రైళ్ళు చాలవు," అని, మాబు చెప్పింది విని, అప్పటికప్పుడే పిల్లని వదిలేయమన్నాడు.

షహనాజ్ పరుగెత్తుకొచ్చి సైదాబీని కావలించుకుని ఏడ్చింది. వేటపాలెం వైపు పోయే చీరాల బస్సు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

బస్సు కదిలాక క్రీస్తుదాసు అన్నాడు. "ఇంటికెళ్ళి నాలుగు మెతుకులు తినమ్మా. నిన్నట్నుంచి నీ ప్రాణం నీ దగ్గర లేదు."

"కేసు అయిపోయినట్టేనా అండీ?"

"ఈ పిల్లది అయిపోయింది. ఫోనులో చెప్పిన ఆడమనిషి కోసం మాత్రం వెతుకుతూనే ఉంటారు."

సైదాబీ అటూ ఇటూ చూసింది. "ఆవిడ దొరికితే, నిన్న స్టేషన్లో అన్న మాటలు ఆవిడ కోసం కూడా అంటారా?"

"తప్పకుండా అంటాను. ముందు దొరకనీ."

సైదాబీ అక్కడే కోర్టు మెట్ల మీద కూలబడి, చూపుడువేలికున్న పసుపు గుడ్డ ముడి పంటితో లాగింది.

"అయ్యో, గాయం రేగుతుందమ్మా," అంటూ క్రీస్తుదాసు వంగి చూశాడు.

వేలి మీద గాయమూ లేదు, చుక్కా లేదు.