కర్ర లేకుండా

"లెయ్యి అవ్వా! సూర్యుడు నీకంటే ముందొచ్చేట్టుండాడు!"

షారన్ దుప్పటి లాగేసింది. కరుణాకుమారి దిండు తీసి మొహం మీద పెట్టుకుంది.

"ఈ ఒక్కరోజుకీ వదిలెయ్యిమే. మోకాళ్ళు సలుపుతా ఉండాయి."

"సలపనీ. పెళ్ళి దగ్గర పడతా ఉంది. చర్చి గుమ్మం కాణ్ణించి పాస్టరు గారి ముందు దాకా కర్ర లేకుండా నడుస్తానన్నావా, లేదా?"

అన్న మాట నిజమే. ఇంట్లో పెళ్ళి ఖాయమైన రోజే, అందరూ వింటుండగా అంది. ఫోటోల్లో కర్ర కనపడకూడదని ఆమె పంతం. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. చాలాకాలంగా కర్ర లేనిదే వంటింటి గడప దాటడం లేదు. రోజూ నడవమని నెల్లూరు డాక్టరు చెప్పినప్పుడల్లా బుద్ధిగా తలూపేది. బయటికి రాగానే నెయ్యి కారం దోసె తినేది.

ఇప్పుడు మాత్రం లేచింది. మనవరాలు కొనిచ్చిన గులాబీ రంగు బూట్లు తొడుక్కుని, కొంగు నడుముకు బిగించింది.

వరండాలో పళ్ళు తోముకుంటున్న కొడుకు రాజ్ కుమార్ ఆ అవతారం చూసి బ్రష్షు నోట్లోంచి తీశాడు.

"ఈ వయసులో ఇయ్యన్నీ నీకు అవసరమామ్మా? ఊళ్ళో జనం నవ్వుతారు."

"నవ్వనీరా. నన్ను చూసి జాలిపడే దానికంటే నవ్వేదే మేలు."

మైపాడు బీచి వాళ్ళింటికి దగ్గరే. మొదటి రోజు కర్రతోనే వెళ్ళింది. ఇసుకలో కర్ర దిగబడింది, దాని వెనకే కరుణాకుమారి కూలబడింది. లేపబోయిన షారన్ కూడా పడింది. ఇంతలో ఒక అల వచ్చి ఇద్దరినీ నిలువునా తడిపి పోయింది. వల లాగుతున్నవాళ్ళు వల సంగతి మర్చిపోయి నవ్వారు. అందరికంటే గట్టిగా కరుణాకుమారే నవ్వింది.

మర్నాడు ఒళ్ళు హూనం. అయినా వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది.

పక్కింటి మాలకొండమ్మ ముగ్గు వేస్తూ కేకేసింది. "ఏందిమే కరుణా, పరుగు పందేనికి పోతా ఉండావా ఏంది?"

"పోటీకి ఎవురూ లేరుమే. నువ్వు రారాదా!"

మాలకొండమ్మ వచ్చింది. చెప్పులు చేతిలో పట్టుకుని వీళ్ళిద్దరి కంటే ముందు నడిచింది. ఇక కరుణాకుమారి ఊరుకుంటుందా? రోజులు గడిచేకొద్దీ ఆమె చేతిలో కర్ర నేలకు ఆనడం మానేసింది. కుక్కలను అదిలించడానికే మిగిలింది. పెళ్ళికని కుట్టించిన జాకెట్టు ఒంటి మీద వదులైపోతే, టైలర్ వినీల విప్పి మళ్ళీ కుట్టాల్సొచ్చింది.

పెళ్ళికొడుకు వాళ్ళది నాయుడుపేట. రోజూ సాయంత్రం షారన్‌కి ఫోన్ చేసేవాడు. మిగతా కబుర్లన్నీ తర్వాత. "మీ అవ్వ ఈ రోజు నడిచిందా?" అన్నదే అతని మొదటి మాట. "ఇంత మంచి మనిషి యాడ దొరుకుతాడు!" అని షారన్ మురిసిపోయేది. నువ్వూ మాట్లాడమని ఫోన్ ఇవ్వబోతే కరుణాకుమారి "నేను మాట్లాడను పో" అంటూ వంటింట్లోకి పారిపోయేది. ఆ కంగారులో కర్ర అక్కడే మర్చిపోయేది.

అంతా బాగుందనుకుంటుండగా తుపాను పట్టింది. బీచికి ఎవరినీ పోనివ్వలేదు. కరుణాకుమారి వరండాలోనే ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగింది. జల్లు పడి గచ్చు తడిగా ఉంది. కాలు జారింది. మోకాలు బుడ్డలా వాచింది.

ఆ రోజు ఆమె నవ్వలేదు.

"ఇంక నా వల్ల కాదు. పెళ్ళి ఇంకో నెల వెనక్కి జరపమని చెప్పుమే."

"పెళ్ళికొడుకు ఒప్పుకోడవ్వా. ఇప్పటికే బో ఆలస్యమైపోయిందంటా ఉండాడు."

కరుణాకుమారి గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి మోకాలికి వెచ్చగా తగిలింది. తిరిగి చూస్తే రాజ్ కుమార్. మంచం పక్కన నేల మీద కూర్చుని వేడినీళ్ళ సంచితో కాపడం పెడుతున్నాడు.

"వాపు తగ్గనీమ్మా. బీచికి నేను తీసుకుపోతా."

"జనం నవ్వుతార్రా."

"నాతో కలిసి నవ్వమను."

అన్నట్టే తీసుకెళ్ళాడు. బొజ్జ వేసుకుని, రొప్పుకుంటూ తల్లి వెనక నడిచాడు. కొన్నాళ్ళకు ఆమే ఆగి కొడుకు కోసం ఎదురుచూడాల్సొచ్చింది. "లెయ్యరా, పెళ్ళి దగ్గర పడతా ఉంది!" అని ఇప్పుడు తెల్లారకముందే ఇల్లంతా లేపుతున్నది ఆమే.

పెళ్ళిరోజు చర్చి కిటకిటలాడింది. మాలకొండమ్మ ముందు వరసలో చోటు పట్టుకుని వెనక్కే చూస్తూ కూర్చుంది. కారు వచ్చి ఆగింది. షారన్ ముందు దిగి తలుపు పట్టుకుంది. కరుణాకుమారి కర్రను సీటు మీదే వదిలేసి దిగింది.

లోపల కీబోర్డు మోగింది. జనం లేచి నిలబడ్డారు. గుమ్మం దగ్గర్నుంచి చూస్తే ఆ ఎర్ర తివాచీ బీచికంటే పొడుగ్గా కనపడింది. పక్కనే ఉన్న రాజ్ కుమార్ చెయ్యి అందించాడు.

"పట్టుకోమ్మా."

"పట్టుకుంటాలే గానీ, ఆనుకోను" అందామె.

షారన్ ఆమె తెల్ల ముసుగు సర్ది, చేతిలో పూలగుత్తి పెట్టి, "బిరబిరా నడువవ్వా, అక్కడ నీ పెళ్ళికొడుకు జీవానందం తాత నిలబడలేక పాస్టరు గారి భుజం పట్టుకొనుండాడు!" అంది.