మొదటి కాగితం

“ఇంకా రాలేదేంటమ్మాయ్! రాహుకాలం వచ్చేస్తోంది!”

పానకాలు కేకకి మిర్చి కొట్టంతా మోగింది. కొత్త ప్రింటర్‌కి పసుపూ కుంకుమా పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు. కాగితం మాత్రం రావడం లేదు. మంచి ఘడియ దాటిపోతే ఈ సీజన్ బేరాలన్నీ బూడిదేనని అతని భయం.

“లోకల్ ప్రింటరా, నెట్‌వర్క్ ప్రింటరా అని అడుగుతోందండీ,” అంది కంప్యూటర్ ముందు కూర్చున్న శ్రీరమ్య. పనిలో కొత్తగా చేరిన అమ్మాయి.

“లోకలే! గుంటూరులోనే కొన్నాంగా!”

“డీఫాల్ట్‌గా పెట్టమంటారా?”

“శుభమా అని కొన్న మిషన్‌కి ఫాల్టేంటమ్మా!”

“షేర్డ్ ప్రింటర్ అని ఇంకోటి కూడా చూపిస్తోంది...”

“ఆ షేరన్న మాట నా కొట్లో ఎత్తొద్దు! షేర్లు తేలకే కదా ఈ గోడ కట్టింది!”

గోడకి అవతల అన్న యలమంద కొట్టు. కాటాలు, గోతాలు, గుమస్తాలు అన్నీ పంచుకున్నారు. తండ్రి పెట్టించిన నెట్ కనెక్షన్ ఒక్కటే ఉమ్మడిగా మిగిలింది. అన్నదమ్ములకి మాటల్లేవు. అయినా కొత్తగా ఏది మొదలుపెట్టినా మొదటి కాగితం మీద ఇంటి పెద్ద పేరుండాలన్నది తండ్రి పెట్టిన ఆనవాయితీ. దాన్ని తప్పే ధైర్యం పానకాలుకి లేదు. అందుకే గొంతు తగ్గించి శ్రీరమ్య చేత టైపు చేయించాడు: ‘మా అన్నయ్య యలమంద గారి ఆశీస్సులతో.’ కాగితం రాగానే ఎవరి కంటా పడకుండా బీరువాలో దాచేద్దామనుకున్నాడు.

శ్రీరమ్య మళ్లీ నొక్కింది. ప్రింట్ అయిందని స్క్రీన్ మీద వచ్చింది. ట్రేలో ఏమీ లేదు. గోడ అవతల ఏదో మిషన్ బరబరలాడింది.

“నొక్కు! ఇంకోసారి నొక్కు!”

నొక్కింది. అవతల మళ్లీ బరబర.

“పెద్దాయనకి బేరాలు బాగున్నట్టున్నాయి. మిషన్ ఆగట్లేదు,” అని పానకాలు పళ్లు కొరికాడు.

అంతలో గుమ్మంలో తుమ్ము వినిపించింది. యలమంద! చేతిలో కాగితాలు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మిరప ఘాటుకో మరెందుకో.

“ఏరా, ఇన్నిసార్లు పంపాలట్రా? ఒక్కటి పంపితే రానా?”

పానకాలు వంగి అన్న కాళ్లకి దణ్ణం పెట్టాడు. యలమంద లేవదీసి గట్టిగా వాటేసుకున్నాడు.

“అమ్మాయ్, టైముంది! మన ప్రింటర్ సంగతి చూడు!” అన్నాడు పానకాలు కళ్లు తుడుచుకుంటూ.

శ్రీరమ్య ఒక్కసారి నొక్కింది. కొత్త ప్రింటర్‌లోంచి కాగితం జర్రున బయటికొచ్చింది.

“ఓర్నీ! ఇప్పుడెట్టా బాగయిందే!”

శ్రీరమ్య తల దించుకుంది. “పొద్దుటి నుంచీ బాగానే ఉందండీ. నేనే కావాలని పెద్దయ్యగారి ప్రింటర్‌కి పంపుతున్నా.”