మారెన్న వూఫర్

మారెన్న కొత్త కారులో వూఫర్ మోగడం లేదంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆలూరులో మావి పక్కపక్క అంగళ్లే, నాది రేడియో రిపేరు. కారు మాత్రం వాడికే.

“ఒకసారి చూడప్పా వీరభద్రా” అన్నాడు.

డిక్కీ తెరిచాను. ఫ్యూజు బాగుంది. ఆంప్లిఫయర్ లైటే వెలగలేదు. దాని ఎర్త్ వైరు మీద ఒక నిమ్మకాయ కుళ్లి, రసం కారి, రాగితీగంతా చిలుం పట్టింది.

“దీన్ని ఎవురు పెట్టినారు?”

మారెన్న తల దించుకున్నాడు. “మా యామె. నువ్వు దినామూ కారు వంకే చూస్తాండావని... దిష్టికి.”

తీగ గీకి బిగించాను. పాటకు డిక్కీ అదిరింది. నా కడుపు భగ్గుమంది.

“ఏమయిండె?”

“వైరు వదులయిండె, అంతే. నిమ్మకాయ కొత్తది పెట్టించు. మళ్లీ ఆడనే. దిష్టి శానా ఉండాది.”