మీలాంటి పెద్దవాళ్లు

చిన్నతాత తనతో పాడుగా ప్రవర్తించాడని ఎనిమిదేళ్ల మనవరాలు చెప్పిన పూటే, అమ్మమ్మ సొంత తమ్ముణ్ని పోలీసులకు పట్టించింది. మర్నాడు పిల్లను వెంటబెట్టుకుని పిల్లల కౌన్సెలర్ దగ్గరికి వచ్చింది.

పాప మూల బల్ల దగ్గర బొమ్మలకు రంగులు వేసుకుంటోంది.

కౌన్సెలర్ గొంతు తగ్గించి అంది. "మీలాంటి పెద్దవాళ్లు అరుదమ్మా. చాలామంది పిల్లల మాట కొట్టిపారేస్తారు. మీరు నమ్మారు, సగం మందు అదే."

అమ్మమ్మ తల ఎత్తలేదు.

"పాప వాళ్లమ్మ రాలేదా?"

"వచ్చింది. కింద మెట్ల మీద కూర్చుంది. నా పక్కన కూర్చోనంది."

"ఎందుకని?"

"ఇదే వయసులో అదీ వాడి గురించే చెప్పిందమ్మా. ఇంటి పరువు తీస్తావా అని ఒళ్లు వాచేలా కొట్టాను. ఆ పూట వాడికి అన్నం దానిచేతే పెట్టించాను."