ఇంట్లో ఒప్పుకోవద్దూ?

హెడ్డుగారు పొద్దుటి నుంచి కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరుగుతున్నారు.

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆడ లెక్చరర్లు ఎందుకు పైకి రావడం లేదో తేల్చడానికి వేసిన కమిటీ ఆ రోజే వస్తోంది. కమిటీకి పెద్ద ఎవరో మహిళ అని తెలుసు గానీ, ఆవిడ ముఖం ఎవరూ చూడలేదు.

హెడ్డుగారి ఎలక్ట్రికల్ విభాగంలో ప్రొఫెసర్లంతా మగవాళ్లే. ఉన్న ఒక్కగానొక్క ఆడ లెక్చరరు ల్యాబ్ మేడం. చేరిననాటి కుర్చీలోనే ఏళ్ల తరబడి ఉంది. ఆవిడ ప్రమోషన్‌కు ప్రిన్సిపాల్ ఎప్పుడో సరేనన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ఫైలు మాత్రం హెడ్డుగారి సొరుగు దాటలేదు. ఆ సాయంత్రంతో ఫైలు పంపే గడువు కూడా అయిపోతుంది.

హెడ్డుగారు చెడ్డవారేం కాదు. జాలి ఎక్కువ, అంతే. జాలిని మించిన జబ్బు లేదు.

"ప్రొఫెసరంటే మాటలా అమ్మా? రాత్రిళ్లు ల్యాబ్‌లో ఉండాలి, ఊళ్లు తిరగాలి. ఇంట్లో ఒప్పుకోవద్దూ?" అనేవారు.

"ఒప్పుకుంటారు సార్" అని ఆవిడ అన్నా వినిపించుకునేవారు కాదు.

"సార్, ల్యాబ్ ఇంకా తెరవలేదు" అన్నాడు అప్పుడే వరండాలోకి వచ్చిన అటెండరు. "మేడం తాళాలు ఇంట్లో మరిచిపోయారట."

"చూశావా! బుర్రంతా వంటింట్లో ఉంటే తాళాలెక్కడ గుర్తుంటాయి?" నెత్తిమీదున్న కళ్లజోడు కోసం జేబులు తడుముకుంటూ అన్నారు హెడ్డుగారు.

అంతలో ఒక పెద్దావిడ ఎదురొచ్చింది. తెల్లబడ్డ జుట్టు, భుజాన తోలు సంచి, సూటి చూపు.

"ఇక్కడ హెడ్డు ఎవరు?"

ఆ గొంతుకే హెడ్డుగారి ప్రాణం సగం పోయింది.

"నేనేనండీ! రండి, రండి. తమ కోసమే చూస్తున్నాం."

"నా కోసమా? అబ్బే, నేనొచ్చింది..."

"ఎందుకొచ్చారో మాకు తెలుసండీ! ముందు కూర్చోండి."

గదిలోకి తీసుకెళ్లి తన కుర్చీనే జరిపి వేశారు. కాఫీ వచ్చింది, బిస్కట్లు వచ్చాయి, ఫ్యాను ఆవిడ వైపు తిరిగింది. ఎండన పడి వచ్చిన మనిషి, వద్దనలేదు.

"అది సరే గానీ, మీ ల్యాబ్ చూసే అమ్మాయి ఇంకా ప్రొఫెసర్ ఎందుకు కాలేదండీ?" అంది బిస్కట్ ముంచుకుంటూ.

ఈ ప్రశ్నకు జవాబు హెడ్డుగారు ముందే బట్టీపట్టి ఉంచుకున్నారు.

"బంగారంలాంటి మనిషండీ. పనికి వంక పెట్టలేం. అడ్డమంతా ఇంట్లోనే! ఆ అత్తగారు పరమ గయ్యాళి. చీకటి పడితే తలుపు తీయదు."

పెద్దావిడ చేతిలో బిస్కట్ విరిగి కప్పులో పడింది.

"అలాగని ఆ అమ్మాయి చెప్పిందా?"

"పాపం, నోరు విడిచి ఎలా చెబుతుందండీ? మనమే అర్థం చేసుకోవాలి. అత్త లేని కోడలుత్తమురాలని ఊరికే అన్నారా!"

"కోడలు లేని అత్త గుణవంతురాలని కూడా అన్నారు. ఆ సగం మింగేశారేం?"

నవ్వాలో వద్దో తెలియక హెడ్డుగారు ఇకిలించారు.

"పోనీ, ఆ గయ్యాళి ఒప్పుకుంటే మీకేం అభ్యంతరం లేదు కదా?"

"నాకెందుకండీ! ఈ క్షణమే సంతకం పెడతాను."

"పెట్టండి మరి. ఆవిడ పూచీ నాది."

హెడ్డుగారు సొరుగు లాగి, ఫైలు దుమ్ము దులిపి, ఆవిడ కళ్లెదుటే బారెడు సంతకం గీశారు. అటెండరు దాన్ని పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాడు. గండం గడిచిందనుకుని హెడ్డుగారు తనకూ ఒక కాఫీ పోసుకున్నారు.

అటెండరు వెళ్లినంత వేగంగానూ తిరిగొచ్చాడు.

"ఫైలు ప్రిన్సిపాల్‌గారు అప్పుడే పైకి పంపించేశారు సార్. మిమ్మల్ని గేటు దగ్గరికి రమ్మంటున్నారు. కమిటీ కారు వచ్చింది."

హెడ్డుగారి కప్పు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"కమిటీ కారా? మరి... తమరు?"

"చెప్పనిచ్చారా?" అంటూ పెద్దావిడ లేచి, సంచిలోంచి తాళాల గుత్తి తీసి బల్లమీద పెట్టింది. "ఇవి మా కోడలికివ్వండి, పొద్దున పరాకున మరిచిపోయింది, రాత్రి ఎంతసేపైనా పని చేసుకోమనండి, తలుపు తీసేది నేనే."