పెదవి బిళ్ళ

"గట్టిగా లాగు తాతా, వాడేం చచ్చిపోడు," అన్నాడు అకాత్, తాను పట్టి తెచ్చిన బందీ భుజం మీద చెయ్యి వేసి.

"లాగుతాడులే. నీకెందుకంత తొందర?" అన్నాడు బందీ.

త్లతెలోల్కో పట్నంలో, సంత పక్కనున్న న్యాయసభ జనంతో కిక్కిరిసిపోయింది. యుద్ధంలో తిన్న దెబ్బలకి బందీ మొహమంతా వాచిపోయి ఉంది. అయినా కింది పెదవిలో గద్ద తల చెక్కిన బంగారు బిళ్ళ, చెవులకు పచ్చరాతి దుద్దులు మెరుస్తూనే ఉన్నాయి. దొరలు తప్ప ఇంకెవరు పెట్టుకున్నా ప్రాణం తీసే నగలవి. కానీ బందీ పట్టుబడిన ఆ కొండ ఊరి దొరని ఎదురుగా చూసినవాడు పట్నంలో ఒక్కడూ లేడు. అందుకే పెదవి చూసి తేల్చమని, నగలు చేసే ముసలి తోచిన్‌ని పిలిపించారు.

"బాగా చూసి చెప్పు," అన్నాడు న్యాయాధికారి. "ఇతను దొరే అయితే యుద్ధం అయిపోయినట్టే. కాదంటే సైన్యం మళ్ళీ కొండెక్కుతుంది. అసలు దొర దొరికేదాకా పిల్లా జెల్లా ఎవర్నీ వదలదు. అబద్ధం చెప్పావో, ముందు పోయేది నీ తల."

తోచిన్ నలభై ఏళ్ళుగా ఇలాంటి బిళ్ళలు పోత పోస్తున్నాడు. తన పెదవికి మాత్రం గడ్డిపరక తగిలించుకునే హక్కు కూడా లేదు. అయినా ఏ పెదవికి ఏది నప్పుతుందో ఆయన్ని మించి తెలిసినవాడు లేడు.

ఆయన జనానికి అడ్డంగా నిలబడి, బిళ్ళని మెల్లగా తిప్పి బయటికి లాగాడు. బందీ రెప్ప కూడా వెయ్యలేదు. ముసలాయన వేలు పెట్టి పెదవి లోపలంతా తడిమాడు.

"రోజూ దీన్ని దేంతో కడుగుతావు?"

"నాకేం తెలుసు? కడగడానికి మనుషులుంటారు."

జనం గొల్లున నవ్వారు. "దొర రక్తం అంటే అదీ," అన్నారెవరో.

"నిదానంగానే చూడు తాతా. నాకు మాత్రం వేరే ఏం పనుంది?" అన్నాడు బందీ.

తోచిన్‌కి ముచ్చటేసింది. ఇంత నిబ్బరం ఈ పట్నపు దొరల్లో కూడా చూడలేదాయన. బిళ్ళ వల్ల అందం వచ్చిన పెదవులు వందల్లో చూశాడు గానీ, బిళ్ళకే అందం తెచ్చిన పెదవి ఇదొక్కటే.

"ఏమంటావు?" అన్నాడు న్యాయాధికారి.

తోచిన్ వేళ్ళు పైబట్టకి తుడుచుకున్నాడు. బిళ్ళని రెండు చేతులతో పట్టుకుని భక్తిగా మళ్ళీ పెదవిలో అమర్చాడు.

"చిన్నప్పుడెప్పుడో కుట్టిందయ్యా. అంచులు నున్నగా మానిపోయాయి. పుట్టుకతోనే దొర. కాకపోతే నా తల తీసుకోండి."

అకాత్ హమ్మయ్య అనుకున్నాడు. ఇక సైన్యం కదలక్కర్లేదని న్యాయాధికారి కబురు పంపాడు. తోచిన్ వంగి, వేలితో నేలను తాకి, ఆ వేలిని పెదవులకి ఆనించుకున్నాడు. దొరల ఎదుట ఎవరైనా అలాగే దణ్ణం పెడతారు.

ఆ పెదవి కుట్టి నాలుగు రోజులైనా కాలేదు.